పుల్లీ మీది ఎర్రచుక్క

మా వదిన వాషింగ్ మిషన్లు బాగుచేస్తుంది. ఈ మాట అనగానే కొందరు "మీ అన్నయ్య కదా చేసేది" అంటారు. చేసేవాడే. పోయి ఏడాది దాటింది. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అడిగేశాక నాలుక కరుచుకుని, "పాపం" అంటూ నా మొహంలోకి జాలిగా చూస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ జాలిపడేవాళ్ళలో సగంమంది తమ మిషన్లను కూడలిలో కొత్తగా తెరిచిన షాపుకి పంపేస్తున్నారని నాకు తెలుసు మరి.

ఆమె పని మొదలుపెట్టే తీరు చూడాలి. ఇంట్లోకి రాగానే సంచీ కింద పెట్టి ఒక పాత దుప్పటి అడుగుతుంది. ప్లగ్గు పీకి, ఆ వైరును తన భుజం మీద వేసుకుంటుంది. పని అయ్యేదాకా ప్లగ్గు ఆమె వీపు మీదే వేలాడుతుంది. ఎవరైనా మతిమరుపున స్విచ్చేసినా కరెంటు రావడానికి దారి ఉండదు. తర్వాత మిషన్ని దుప్పటి మీదికి ఒరగేసి, వెనక మూత విప్పి, టార్చిలైటు పట్టుకుని తల లోపల పెడుతుంది. అక్కణ్ణించి మనకి కనిపించేది వీపూ, ప్లగ్గూ, రెండు పాదాలూ.

ఆ పద్ధతులన్నీ మా అన్నయ్యవే. అన్నయ్యది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేతి మీద తిన్న దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. అయినా వాడు మారలేదు, మారింది కొట్టేవాళ్ళే. స్క్రూ బిగిస్తే ఎడంచేత్తో, వైర్లు కడితే ఎడమవైపు మెలికతో. బిగించాడంటే ఇంకొకడు విప్పడానికి దేవుడు దిగిరావాలి. "ఏం తింటావురా నువ్వు" అని మా ఆయన ఒకసారి అడిగితే, "మీ ఇంట్లోనా? తిట్లు" అన్నాడు. నోటి దురుసు మా వంశంలోనే ఉంది.

పెళ్ళైన కొత్తలో వదిన అలమరలో ఎర్ర గోళ్ళరంగు సీసా చూశాడు. మరునాడే అది వాడి పనిసంచీలోకి వెళ్ళిపోయింది. మోటారు ఇరుసుకు తగిలించే చిన్న చక్రాన్నే పుల్లీ అంటారు. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క స్క్రూ. ఆ స్క్రూ బిగించాక తల మీద ఒక ఎర్రచుక్క పెట్టేవాడు. రంగు ఎండితే స్క్రూ కదలదు, పైగా ఇంకెవరైనా చెయ్యి పెడితే చుక్క పగిలి దొరికిపోతారు. పెళ్ళాం గోళ్ళరంగు దొంగిలించే మొగుణ్ణి ఈ ఇంట్లోనే చూశానని మా అమ్మ నవ్వేది. వదిన మాత్రం సీసా అయిపోగానే ఇంకోటి కొనుక్కొచ్చి, తన గోళ్ళకి ఒకసారి వేసుకుని, మిగిలింది సంచీలో పడేసేది. అలా ఊళ్ళో ఎన్ని మిషన్ల కడుపులో మా వదిన గోళ్ళరంగు ఉందో లెక్క లేదు.

పిల్లల్లేరు వాళ్ళకి. ఇంట్లో ఒక్కతే కూర్చుని గోడలు చూడటం ఎందుకని వాడితో వెళ్ళేది. టార్చి పట్టుకోవడమే మొదట ఆమె పని. "ఇటు, ఇంకాస్త ఇటు, నా మొహానికి కాదు, నా మొహం రోజూ చూస్తూనే ఉన్నావుగా" అనేవాడు. టార్చి పట్టుకుని చూస్తూ చూస్తూనే అంతా నేర్చేసుకుంది. ఏ చప్పుడుకి ఏది అరిగిందో వాడికంటే ముందే చెప్పేది. వాడు ఒప్పుకునేవాడు కాదు, విప్పి చూశాక కూడా.

పోయిన రోజు పొద్దున వాడు చేసిన ఆఖరి పని మా ఇంట్లోదే. మా మిషను పుల్లీ విరిగితే కొత్తది వేశాడు. వదిన టార్చి పట్టుకుంది. ఇంటికెళ్ళి, భోజనం వద్దని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. సాయంత్రం టీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. గుండె అన్నారు. పోయేముందు ఒక్క మాట లేదు, ఒక్క మూలుగు లేదు. గోడకు అవతల పక్కింటివాళ్ళ టీవీ మోగుతూనే ఉంది.

ఆ తర్వాత వదిన ఎక్కువ రోజులు ఇంట్లో కూర్చోలేదు. ఒక పొద్దున సంచీ భుజానికి తగిలించుకుని స్కూటరు మీద వెళ్ళిపోవడం పక్కింటివాళ్ళు చూశారట. మేమెవరం వద్దనలేదు. నేనైతే సంతోషించాను కూడా. పనిలో పడితే మనిషి తేరుకుంటుందని నా లెక్క.

మొదట అనుమానం పెట్టింది ట్యూషన్ టీచరమ్మ. నేను కుట్టుపని చేస్తాను, ఆవిడ బట్టలు నా దగ్గరే కుట్టించుకుంటుంది. కొలతలు తీసుకుంటుంటే గొంతు తగ్గించి, "మీ వదిన మా ఇంట్లో పనిచేస్తూ ఎవరితోనో మాట్లాడిందండీ" అంది.

"ఫోనులో అయ్యుంటుంది."

"ఫోను మా టేబుల్ మీద ఉంది. మా అత్తగారు దడుచుకుని, మిషన్లో ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగింది."

"ఉంటే కూలి ఇద్దరికీ ఇవ్వాలి, చూసుకోండి" అన్నాను. టేపు కొంచెం బిగించి పట్టుకున్నానేమో, ఆవిడ కిక్కురుమనలేదు. కానీ ఆ మాట నా గుండెలో ముల్లులా దిగబడింది. ఆ వారమంతా కుట్టు సరిగా పడలేదు.

కొన్నాళ్ళకి మా మిషను బెల్టు తెగింది. వదిన వచ్చింది. స్నానాల గది పక్కన ఇరుకు గది మాది, అందులో మిషను పెడితే మనిషి పక్కకి జరగడానికే చోటుండదు. టీ తీసుకెళ్ళి గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపలినుంచి ఆమె గొంతు వినబడుతోంది. ఏడుపు కాదు, గొణుగుడు కాదు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మామూలుగా.

"మీకు ముందే తెలుసా? చెప్పండి. తెలిసే పడుకున్నారా?"

మిషను లోపల చీకట్లో టార్చి వెలుగు కదలకుండా ఒకేచోట ఉంది. ఆమె ఆగింది, జవాబు కోసం ఆగినట్టే ఆగింది. ఆ కాసేపూ నేనూ వింటున్నాను. నిజం చెప్పాలంటే, జవాబు వస్తుందేమోనని భయపడ్డాను. తర్వాత ఆమె నిట్టూర్చి కొత్త బెల్టు చుట్టుకాగితం చింపింది.

ఆ రోజు నుంచీ నాకు ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళాలంటే ఇష్టం లేకపోయింది. బట్టలు వేసి స్విచ్చి నొక్కి, మిషను వైపు వీపు తిప్పకుండా వెనక్కి నడిచేదాన్ని. మా ఆయన చూసి నవ్వాడు. నవ్వనీ. ఆయన అక్కడ నిలబడి ఆ ప్రశ్న వినలేదు.

ఇదిలా ఉండగా ఊళ్ళో నోళ్ళు లేచాయి. "ఆయన వేసిన బెల్టు ఏళ్ళు నడిచింది, ఈమె వేసింది నెలైనా ఉండట్లేదు" అని ఒకరు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది" అని ఆస్పత్రి నర్సమ్మ. నేను అందరికీ తిరుగుబదులిచ్చాను. బెల్టులు నాసిరకం వస్తున్నాయన్నాను, మీరు దుప్పట్లు కుక్కి కుక్కి వేస్తున్నారన్నాను. నర్సమ్మతో అయితే, మీరు సూది పొడిచినవాళ్ళంతా లేచి పరిగెడుతున్నారా అనేశాను. అప్పట్నించీ ఆవిడ మా వీధిలోంచి నడవడం మానేసింది.

కానీ మా ఇంట్లో కూడా బెల్టు మళ్ళీ పోయింది. మిషను గుర్రుమంటోంది, బట్టలు తిరగట్లేదు, కాలిన రబ్బరు వాసన. వదినకి ఫోను చేద్దామనుకుని ఆగాను. నేను రోజంతా కూర్చునేది కుట్టుమిషను ముందు. దానికీ ఒక బెల్టూ, ఒక చక్రమూ ఉన్నాయి. చక్రం గాడి అరిగిపోతే ఎంత మంచి బెల్టు వేసినా జారుతుంది, జారి జారి కాలుతుంది. ఈ మాత్రం నాకు తెలుసు.

వదిన చేసినట్టే ప్లగ్గు భుజాన వేసుకుని వెనక మూత విప్పాను. నేల మీద బొగ్గుపొడిలా నల్లగా రబ్బరు రాలి ఉంది. బెల్టు ఒక అంచు మాత్రమే పీచులు పీచులుగా లేచిపోయింది. పుల్లీ గాడి అద్దంలా నున్నగా, ఒకవైపు ఎక్కువగా అరిగి ఉంది. దాని స్క్రూ మీద ఎర్రచుక్క చెక్కుచెదరకుండా మెరుస్తోంది.

అప్పుడు అర్థమైంది. ఆమె వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇదే చేస్తోంది. పుల్లీ అరిగిందని ఆమె కంటికి కనబడకపోవడం కల్ల. పుల్లీ మార్చాలంటే స్క్రూ విప్పాలి, స్క్రూ విప్పాలంటే మా అన్నయ్య పెట్టిన చుక్క పగలగొట్టాలి. ఆ పని చేయలేక బెల్టు ఒక్కటే మార్చి వచ్చేస్తోంది. అరిగిన పుల్లీ ఆ కొత్త బెల్టుని తినేస్తోంది. ఊరు ఆమెని తినేస్తోంది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. వదిన అన్నం ముందు కూర్చుని తినకుండా కలుపుతోంది.

"నువ్వు పుల్లీలు ఎందుకు మార్చట్లేదు?" అని గుమ్మంలోంచే అడిగాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"నా కళ్ళు. వదినా, ఇలాగే చేస్తే ఇంకో రెండు నెలల్లో నిన్ను పిలిచే ఇల్లు ఒక్కటీ ఉండదు. ఆ షాపువాడు ఒక్కొక్క ఇల్లూ లాక్కుపోతున్నాడు. వాడు నీలా చుక్కలకి దణ్ణం పెట్టడు, ఉలి పెట్టి కొట్టి అవతల పారేస్తాడు. అప్పుడేం మిగులుతుంది?"

"ఊరికే అన్నారా, ఆడబిడ్డ అర్ధమొగుడని" అంది వదిన. నవ్వబోయింది కానీ రాలేదు. కంచం పక్కకి జరిపింది. "ఆయన బట్టలు ఇచ్చేశాను. చెప్పులు ఇచ్చేశాను. ఆ మంచం కూడా మార్చాను. ఆ చుక్క దగ్గర మాత్రం, అమ్మాయ్, ఆయన చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుంది. మూత తియ్యగానే కనిపిస్తుంది. ఇప్పుడే పెట్టి లేచి వెళ్ళినట్టు. అది నా చేత్తో నేను ఎలా గీకేది?"

"మరి లోపల తలపెట్టి ఏం అడుగుతున్నావు?"

ఆమె మొహం పాలిపోయింది. నేను విన్నానని అప్పటిదాకా తెలియదు. లేచి చెయ్యి కడుక్కొచ్చింది.

"ఆయనకి తెలుసో లేదో అని" అంది చివరికి. "ఆ రోజు పడుకునేటప్పుడు నా వైపు చూశారు. ఒకలాగా చూశారు. పోతానని తెలిసి చూసిన చూపా అది? తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? నేను పక్కగదిలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. తెలిసి కూడా పిలవలేదంటే, ఇన్నేళ్ళు నన్నేమనుకున్నట్టు? నాకు ఆ ఒక్కటీ తెలియాలి. ఇంకేం అక్కర్లేదు."

తిట్టడానికి వచ్చినదాన్ని, పక్కన కూర్చున్నాను. వాడి మీద కోపమొచ్చింది. ఆమె మీదా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ చల్లారిన అన్నం నేనే తినేసి ఇంటికి వచ్చేశాను.

కొన్నాళ్ళు ఆమె ఫోను చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. బట్టలు చేత్తో ఉతుక్కున్నాను. ఒక పొద్దున బకెట్ ముందు కూర్చుని ఉంటే స్కూటరు ఆగిన చప్పుడైంది. వదిన లోపలికి వచ్చి సంచీ దించి, అందులోంచి కొత్త పుల్లీ తీసి గట్టు మీద పెట్టింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మొదలంటూ పెడితే మీ ఇంట్లోనే పెట్టాలి" అంది. "మిగతా ఇళ్ళవి పాతబడి అరిగాయి, అది న్యాయమే. మీది ఆయన ఏడాది కిందట కొత్తగా వేసింది. అది ఇంతలో అరగకూడదు. మొదటిసారి వచ్చినప్పుడే చూశాను. చూసి, బెల్టేసి పారిపోయాను."

"ఎందుకు?"

"ఆయన పనిలో తప్పు కనబడుతుందేమోనని."

దుప్పటి పరిచాను. ఇద్దరం కలిసి మిషన్ని ఒరగేశాం. ఆమె ప్లగ్గు భుజాన వేసుకుని టార్చి నా చేతికిచ్చింది. ఇంతకుముందు ఎప్పుడూ నాకివ్వలేదు. ఇరుకు గదిలో ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఎర్రచుక్క మీద వెలుగు పడేలా పట్టుకున్నాను. వెలుగు వణుకుతుంటే ఆ చుక్క తడిగా ఉన్నట్టు కనిపిస్తోంది.

వదిన చిన్న కత్తి మొనతో రంగు గీకింది. అది పెచ్చులుగా రాలుతుంటే పళ్ళు బిగపట్టింది. వాడు బిగించిన స్క్రూ సులభంగా రాదని పెద్ద పానా, నూనె సీసా పక్కన పెట్టుకుంది. పానా తగిలించేముందు అలవాటుగా వేలితో స్క్రూ తల తడిమింది.

స్క్రూ తిరిగింది.

పానా లేదు, బలం లేదు, వేలి కొసతో తిరిగిపోయింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ వేలు పెట్టి తిప్పింది. నీళ్ళ సీసా మూతలా ఊడి ఆమె అరచేతిలో పడింది.

"బిగించలేదు" అంది వదిన. "అమ్మాయ్, ఇది బిగించలేదు. ఇన్నాళ్ళూ రంగే పట్టి ఉంచింది. అందుకే పుల్లీ ఊగి ఊగి పక్కకి జరిగింది, అందుకే బెల్టుని ఒక అంచునే తిన్నది."

"మర్చిపోయాడేమో."

"మర్చిపోయినవాడు చుక్క పెడతాడా? బిగించడానికి చూశారు. చెయ్యి రాలేదు." తన ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుంది. "ఈ చెయ్యి అప్పటికే పోయింది. నేను ఇక్కడే ఉన్నాను, నువ్వు కూర్చున్నచోటే, టార్చి పట్టుకుని. ఆయన చేతి మీదే వెలుగు వేసి కూర్చున్నాను, నాకు కనబడలేదు. నాకు తెలియకూడదనే రంగు పూశారు. తెలుసు ఆయనకి. పొద్దున్నే తెలుసు. చెప్పలేదు!"

చేతిలోని స్క్రూని గోడకేసి విసిరింది. ఏడాదిలో మొదటిసారి వాణ్ణి తిట్టింది. మొండివాడన్నది, దొంగన్నది, ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అన్నది. నేను ఆపలేదు. ఆ మాటలన్నీ వాడికి చెందినవే.

అప్పుడు నాకు ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. పని అయిపోయాక వాడు మిషన్లో నీళ్ళు నింపి ఆన్ చేసి, మూత మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. ఊడొస్తుందేమోనని కాపలా కాశాడన్నమాట. వదిన అప్పటికే బయట స్కూటరుకి సంచీ కడుతోంది. వాడు గేటు దగ్గర ఆగి నాతో ఒక మాట అన్నాడు. మామూలు మాట, ఎవరైనా అనేదే. ఆ సాయంత్రం జరిగినదాంతో అది ఎటో కొట్టుకుపోయింది.

"వదినా, రేపొస్తానన్నాడు" అన్నాను.

ఆమె తిట్టడం ఆపింది. "ఏంటీ?"

"గేటు దగ్గర. రేపొకసారి వచ్చి చూసిపోతానన్నాడు. ఎందుకన్నయ్యా, బాగానే తిరుగుతోందిగా అన్నాను. 'చెయ్యి కాస్త తిమ్మిరెక్కింది, రేపొచ్చి సరిగా చూస్తాలే' అన్నాడు."

"రేపు అన్నారా?"

"అన్నాడు."

"రేపొస్తానన్నారా, ఆయన నోటితో?"

"వాడి నోటితోనే. తిమ్మిరనుకున్నాడు వదినా. పొద్దున లేచి ఇక్కడికే రావాలనుకున్నాడు. వాడికేం తెలియదు."

వదిన మిషను పక్కన గోడకి జారగిలబడిపోయింది. నోరు తెరిచి, చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. వీపు మీది ప్లగ్గు గోడకి తగిలి టకటకమంటోంది. నేను టార్చి కింద పెట్టి ఆమె తల నా ఒళ్ళోకి లాక్కున్నాను. నేనూ ఏడ్చాను. వాడు పోయినప్పుడు ఊరంతటి ముందూ ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

కాసేపటికి లేచి మొహం కడుక్కొచ్చింది. గోడవార పడ్డ స్క్రూని వెతకలేదు, సంచీలోంచి కొత్తది తీసింది. పాత పుల్లీ లాగేసి, ఇరుసు తుడిచి, కొత్త పుల్లీ ఎక్కించి, బెల్టు వరసలో ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకుంది. స్క్రూ పెట్టి పానా తగిలించింది. నేను టార్చి పట్టుకున్నాను.

"ఇంకోసారి చెప్పు" అంది, నా వైపు చూడకుండా. "ఏమన్నారు?"

"రేపొస్తానన్నాడు."

ఒంటి బరువంతా వేసి పానా తిప్పింది. స్క్రూ కిర్రుమంది. "ఇంకోసారి" అంది.

మళ్ళీ చెప్పాను.